లిఫ్టులోనే ఆగిపోయిన పడవ

నా వృత్తి తప్పులు పట్టడం. రాయదుర్గంలో ఒక అద్దాల భవనంలో కూర్చుని, వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడ నొక్కితే కూలుతుందో వెతికి చెబుతాను. కొత్తగా చేరిన పిల్లలు "పనిచేస్తోంది సార్" అంటూ నవ్వుతూ వస్తే, కుర్చీలో వెనక్కి వాలి ఒకే ప్రశ్న అడుగుతాను: "పనిచెయ్యకపోతే ఎలా ఉంటుందో చూశావా?" పాపం, వాళ్ల మొహాలు వాడిపోతాయి. అలా వాడిపోవడం చూసి లోలోపల కాస్త సంతోషించేవాణ్ణి కూడా. నా ఇంట్లో, నా డబ్బుతో, నా చేతులతో నేనే ఒక వస్తువు తయారుచేసినప్పుడు ఆ ప్రశ్న ఒక్కసారి కూడా నాకు గుర్తుకు రాలేదు. ఇది ఆ కథ.

మా అక్క మొగుడికి కాకినాడలో చేపల బోటుంది. సరంగు కూర్చునే చోట ఒక పాత జీపీఎస్ సెట్టు, దాని పక్కన నీటి లోతు చెప్పే ఎకో సౌండరు. దేని తెర దానిదే, దేని తీగలు దానివే. ఒక సంక్రాంతికి వెళ్లినప్పుడు వాటిని చూసి, "ఈ రెండింటి లెక్కలూ నీ ఫోనులోకే తెప్పిస్తాను బావా" అన్నాను. "తెప్పిస్తే మంచిదేరా" అన్నారాయన, వల సర్దుకుంటూ. ఆ "మంచిదే"ని నేను ఆర్డరు కింద రాసుకున్నాను.

ఇక్కడే మొదటి తెలివితక్కువతనం. ఆయనకు అలాంటిది అవసరమా అని నేను అడగలేదు. పైగా అటువంటి పెట్టె అప్పటికే ఉంది. దాని వెనకున్న సంస్థా మన ఊళ్లోదే. సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ హైదరాబాదులోనే, ప్రగతి నగర్ వైపు, ఇన్‌కాయిస్ ఉంది. 1999లో మొదలైన ఈ కేంద్ర సంస్థ చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు చెబుతుంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికలూ ఇక్కడి నుంచే వెళ్తున్నాయి. 2019 అక్టోబరులో ఈ సంస్థ సమాచారంతో పనిచేసే 'జెమిని' అనే చిన్న పెట్టె విడుదలైంది. తీరం వదిలి పది పన్నెండు కిలోమీటర్లు పోతే మొబైల్ సిగ్నల్ ఉండదు కాబట్టి, ఆ పెట్టె గగన్ ఉపగ్రహాల నుంచి తుపాను హెచ్చరికలూ, వేట సమాచారమూ అందుకుని, బ్లూటూత్ మీద సరంగు ఫోనుకి పంపుతుంది. అంటే పడవలో పెట్టె, పెట్టెలోంచి గాలిలో ఫోనుకి సమాచారం అన్న నా మహా ఆలోచనను చదువుకున్నవాళ్లు ఎప్పుడో చేసి సముద్రం మీదికి కూడా పంపారు. ఆ సంగతి నాకు తెలుసు కూడా. కానీ ఉన్నదాన్ని వాడుకోవడం ఇంజినీరుకి నామోషీ. సొంతంగా చెయ్యాలి.

సొంతంగా చెయ్యడం నిజానికి కష్టమేమీ కాదు. పడవల మీది పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఎన్‌ఎంఈఏ 0183 అనే పద్ధతి 1983 నుంచి ఉంది. జీపీఎస్ అయినా, లోతు కొలిచేదైనా, గాలి దిశ చెప్పేదైనా, తనకు తెలిసింది ఒక్కో వరుసగా రాసి తీగలోకి వదులుతుంది. వరుస డాలర్ గుర్తుతో మొదలవుతుంది, 82 అక్షరాలు మించదు, మధ్యలో కామాలు, చివర ఒక నక్షత్రం గుర్తూ, దాని తర్వాత సరిచూసుకునే అంకెలూ. వేగం సెకనుకి 4800 బిట్లు. నలభై ఏళ్లు దాటినా ఇంకా బతికి ఉన్నది ఈ నిదానం వల్లే. కంటితో చదువుకోవచ్చు, చేత్తో రాసుకోవచ్చు. ఆ వరుసల్ని అందుకుని వైఫై మీద వదిలే చిన్న సర్వరు కావాలి, అంతే. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక జీపీఎస్ ముక్క, ఈఎస్‌పీ 8266 అనే వైఫై బోర్డు, ఒక మెమరీ కార్డు తగిలించే ముక్క కొన్నాను. అన్నీ కలిపినా మా ఆఫీసు కింద ఇద్దరం కూర్చుని తినే బిర్యానీ ఖరీదు కాదు.

అక్కడితో ఆగితే బాగుండేది. పెద్ద ఓడలు తామెవరో, ఎటు పోతున్నాయో రేడియోలో చెప్పుకుంటూ పోతాయి. దాన్ని ఏఐఎస్ అంటారు. అదీ వినాలనిపించింది. టీవీ చూడటానికి తయారైన ఒక చవక డాంగిల్ కొని, దానికి ఏంటెనా తగిలించి, మా అపార్టుమెంటు టెర్రస్ మీద ఓడల కోసం కూర్చున్నాను. ఆ సంకేతాలు 162 మెగాహెర్ట్‌జ్ దగ్గర, చూపు సాగినంత మేర, మహా అయితే కొన్ని పదుల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. రాయదుర్గం నుంచి కొన్ని పదుల కిలోమీటర్లలో ఓ పక్క శంకర్‌పల్లి, ఓ పక్క శంషాబాదు. వాచ్‌మన్ వచ్చి "ఏం పడుతున్నాయి సార్?" అని అడిగితే, "ట్యూనింగు చేస్తున్నా" అన్నాను. దీని గురించి ఇంతకంటే చెప్పుకోవడం మర్యాద కాదు.

జీపీఎస్ దగ్గరికి వద్దాం. బాల్కనీలో పెట్టగానే వరుసలు రావడం మొదలైంది. వాటిలో ముఖ్యమైనది ఇలా ఉంది:

$జీపీఆర్‌ఎంసీ, 041218, ఏ, 1726.52, ఎన్, 07822.61, ఇ

మొదట సమయం, తర్వాత ఒక అక్షరం, తర్వాత అక్షాంశం, రేఖాంశం. 1726.52 కాబట్టి 17.2652 డిగ్రీలు, 07822.61 కాబట్టి 78.2261 డిగ్రీలు అని ప్రోగ్రాము రాసి, మ్యాపు తెరిచాను. నా పడవ మొయినాబాదు అవతల, షాబాదు వెళ్లే వైపు, పొలాల్లో నిలబడి ఉంది. రాయదుర్గానికి నైరుతిగా పాతిక కిలోమీటర్లు.

జీపీఎస్ ముక్క చెడ్డదని తేల్చాను. మళ్లీ కోఠీ వెళ్లి ఇంకొకటి తెచ్చాను. అదీ అదే పొలంలో నిలబడింది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రెండు వేర్వేరు ముక్కలు ఒకే చోటు చూపిస్తే ముక్కలు సరిగ్గా ఉన్నట్టే. నేను మాత్రం, "రెండూ ఒకే బ్యాచివి అయి ఉంటాయి" అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఆ వరుసలో అక్షాంశానికి మొదటి రెండంకెలే డిగ్రీలు, రేఖాంశానికి మొదటి మూడు, మిగతావి నిమిషాలు. 17 డిగ్రీల 26.52 నిమిషాలు. నిమిషాల్ని అరవైతో భాగిస్తే 17.4420 డిగ్రీలు వస్తుంది; అది సరిగ్గా మా మెట్రో స్టేషను దగ్గర. నావికులు డిగ్రీలూ నిమిషాలతోనే లెక్క వేస్తారు, ఎందుకంటే అక్షాంశంలో ఒక్క నిమిషం అంటే ఒక్క నాటికల్ మైలు. నా తప్పుడు లెక్కలో పడవ ఉత్తరానికి పోతూ పోతూ .5999 దగ్గర ఉన్నట్టుండి పై డిగ్రీకి ఎగిరి దూకుతుంది, ప్రతి డిగ్రీలోనూ .60 నుంచి .99 దాకా ఉన్న ఊళ్లు లోకంలోనే లేనట్టు. ఈ తప్పు కనిపించే తప్పు కాబట్టి పట్టుకున్నాను. కనిపించనివి తర్వాత వచ్చాయి.

తర్వాత వైఫై. సర్వరు నడుస్తోందో లేదో చూడటానికి నేను చేసిన పరీక్ష ఏమిటో చెబితే మా ఆఫీసు పిల్లలు నవ్వుతారు. ఫోనులోంచి 192.168.4.1కి పింగ్ కొట్టాను. జవాబు వచ్చింది. "సర్వరు బాగుంది" అని పుస్తకంలో రాసుకుని టిక్కు పెట్టాను. పింగ్‌కి జవాబిచ్చేది బోర్డు. సర్వరు చచ్చినా బోర్డు పలుకుతుంది. అడగాల్సింది 10110 అనే తలుపు దగ్గర. ఎన్‌ఎంఈఏ సమాచారానికి కేటాయించిన పోర్టు అది. అది తెరిచి, వరుసలు వస్తున్నాయా, సెకను సెకనుకీ వస్తున్నాయా, వచ్చిన వరుసలోని సమయానికీ గోడ గడియారానికీ ఎంత తేడా ఉంది అని చూడాలి. నేను తలుపు తట్టకుండానే ఇల్లంతా చూశానన్నాను.

పైగా మా అపార్టుమెంటులో ఏ మూల నిలబడినా పాతిక ముప్పై వైఫైలు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 అనే మూడు చానళ్లే. అందరి రౌటర్లూ వాటిలోనే తోసుకుంటాయి. నా పెట్టె వరుసలు ఆ రద్దీలో అప్పుడప్పుడూ తప్పిపోయేవి. అందరికీ ఒకేసారి విసిరే యూడీపీ పద్ధతిలో, చేరిందా అని అడిగే నాథుడుండడు, తప్పింది తప్పినట్టే. ఒక్కొక్కరితో చెయ్యి కలిపి మాట్లాడే టీసీపీకి మార్చాను. ఇప్పుడు ఏ వరుసా పోలేదు. కానీ సిగ్నలు సన్నబడినప్పుడు వరుసలు క్యూ కట్టి, సిగ్నలు రాగానే పాతవన్నీ ముందు దిగేవి. అంటే పోయిన వరుస కోసం ఏడ్చి, పాచిపోయిన వరుసను తెచ్చుకున్నాను. పడవ మీద ఈ రెంటిలో ఏది ప్రమాదమో ఆలోచించండి. ఒక వరుస రాకపోతే తెర ఒక్క సెకను ఆగుతుంది. పాత వరుస వస్తే, పడవ ఇందాక ఎక్కడుందో దాన్ని ఇప్పుడున్న చోటుగా చూపిస్తుంది. నేను పోగొట్టుకోకుండా ఉండటమే గొప్ప అనుకున్నాను.

ఇక నేను చేసిన అసలు పాపం.

ఆ వరుసలో సమయం తర్వాత ఒక అక్షరం ఉందన్నాను కదా. అది 'ఏ' అయితే ఈ స్థానాన్ని నమ్మవచ్చని. 'వీ' అయితే నమ్మవద్దని. ఉపగ్రహాలు కనిపించనప్పుడు జీపీఎస్ ముక్క నిజాయితీగా 'వీ' అని రాసి, అక్షాంశ రేఖాంశాల చోట్లు ఖాళీగా వదిలేస్తుంది. పెట్టెను బాల్కనీ నుంచి హాల్లోకి తెస్తే చాలు, ఖాళీలే. ఫోనులో పడవ బొమ్మ మాయమై, అంకెల చోట గీతలు వచ్చేవి. స్నేహితులు చూడవచ్చినప్పుడు గీతలు కనిపిస్తే ఏం బాగుంటుంది? అందుకని 'వీ' వచ్చినప్పుడు, ఆఖరిసారి తెలిసిన మంచి స్థానాన్నే మళ్లీ పంపమని రాశాను. అయినా ఫోనులోని యాప్, "సమయం పాతది" అని నసిగేది. బోర్డులోని గడియారంతో కొత్త సమయం వేసి, 'వీ'ని 'ఏ' చేసి, చివరి సరిచూపు అంకెల్ని మళ్లీ లెక్కగట్టి అతికించాను. యాప్ నోరు మూసుకుంది.

సరిచూపు అంకెల గురించి ఒక మాట. డాలర్ గుర్తుకీ నక్షత్రానికీ మధ్యనున్న అక్షరాలన్నింటినీ ఎక్స్‌ఓఆర్ అనే లెక్కలో కలిపితే వచ్చేవి అవి. దారిలో అక్షరం మారిపోతే పట్టిస్తాయి. అంతవరకే. ఉత్తరం చిరగకుండా చేరినంత మాత్రాన అందులోని వార్త నిజమైపోదు. నేను రాసిన అబద్ధపు వరుసలన్నీ ఆ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నాయి. నేను పుస్తకంలో "చెక్‌సమ్: తప్పులు సున్నా" అని రాసుకుని, కింద రెండు గీతలు గీశాను.

ఇదే పని మా ఆఫీసులో ఎవరైనా చేసి ఉంటే, ఆ కుర్రాణ్ణి మీటింగు గదిలోకి పిలిచి తలుపు వేసేవాణ్ణి.

చివరి పరీక్ష నీటి మీద జరగాలి కదా. మనకి దుర్గం చెరువుంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువు. కొండల మధ్య దాక్కుని ఉండేది కాబట్టి రహస్య చెరువు అనేవారు. ఇప్పుడు దాని మీదుగా 2020 సెప్టెంబరులో తెరిచిన కేబుల్ బ్రిడ్జి, చుట్టూ ఆఫీసులు, రహస్యమేమీ మిగల్లేదు. ఆ చెరువులో ఎవరూ దారి తప్పలేరు. ఏ మూల నుంచి తలెత్తినా బ్రిడ్జి కనిపిస్తుంది. అలాంటి చోట నావిగేషన్ సర్వరు పరీక్షించడం ఏమిటని నాకు తోచలేదు. తోచి ఉంటే ఇంకో సంగతి కూడా తోచేది: దారి తప్పడానికి వీల్లేని చోట, దారి చూపే పరికరం తప్పయినా తెలియదు.

ఆదివారం పొద్దున పెట్టెను మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సర్దాను. ఎండలో లైటు ఎలాగూ కనిపించదని దాని మీద నల్లటేపు అతికించాను. అన్నాళ్లూ గోడ ప్లగ్గు మీద నడిచిన పెట్టెకి ఆ రోజే మొదటిసారి పవర్ బ్యాంకు తగిలించాను. ఫోనులో వరుసలు కనిపించాయి. బ్యాగులో పెట్టుకుని బయల్దేరాను. లిఫ్టులో అద్దం ముందు నిలబడి ఫొటో తీసి, "సముద్రయానానికి" అని స్నేహితులకు పంపాను కూడా.

బోటు ఎక్కాం. నాతో ఇద్దరు సహోద్యోగులు. ఫోను తెరిస్తే, అద్భుతం. చెరువు మధ్యన చిన్న పడవ బొమ్మ మేం ఎటు తిరిగితే అటు తిరుగుతోంది, ఆగితే ఆగుతోంది, వేగం కూడా చూపిస్తోంది. బ్రిడ్జి కిందికి రాగానే సరిగ్గా బ్రిడ్జి కింద. ఇంట్లో అప్పుడప్పుడూ తడబడిన వస్తువు నీటి మీద ఒక్కసారైనా తడబడలేదు. "ఇది కదా నీటి మహిమ, ఇక్కడ వేరే వైఫైల గోల లేదు" అని మిత్రులకు చానళ్ల గురించి ఉపన్యాసం ఇచ్చాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. ఒడ్డుకు దిగుతూనే బావకు ఫోను చేసి, "సిద్ధమైపోయింది" అన్నాను.

"అయితే తెచ్చెయ్ బామ్మర్దీ," అన్నారాయన. "వేట నిషేధం అయ్యేలోగా బిగించుకుందాం. ఈ పాత సెట్టు ఎవడో అడుగుతున్నాడు, ఇచ్చేత్తాను."

ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం. బోట్ల మరమ్మతులన్నీ అప్పుడే. జూన్ 15న అన్నీ ఒక్కసారి బయటికి పోతాయి.

ఆ ఆదివారం రాత్రి, చెరువులో తిరిగిన దారిని బొమ్మగా గీసి గ్రూపులో పెడదామని పెట్టెలోని మెమరీ కార్డు తీశాను. పెట్టె పంపిన ప్రతి వరుసా అందులో దాచుకునే ఏర్పాటుంది. ఆఖరి వరుసలో సమయం 041218. నాలుగు గంటల పన్నెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు. మేం చెరువు మీద ఉన్నది పదకొండు తర్వాత. వెంటనే జవాబు దొరికింది: ఈ వరుసల్లో ఉండేది గ్రీనిచ్ లెక్క, మనకి ఐదున్నర గంటలు కలపాలి. కలిపాను. తొమ్మిది నలభై రెండు. ఇంకా చాలడం లేదు. ఫోనులో ఫొటోలు తెరిచి చూశాను. లిఫ్టు ఫొటో సమయం, తొమ్మిది నలభై రెండు.

పెట్టె లిఫ్టులోనే ఆగిపోయింది. కొన్ని పవర్ బ్యాంకులకు ఒక అలవాటుంది; తగిలించిన వస్తువు మరీ తక్కువ కరెంటు లాగుతుంటే, ఫోను నిండిపోయిందనుకుని తమంతట తామే ఆగిపోతాయి. నా పెట్టె పొదుపు దానికి అలా అర్థమైంది. మరి చెరువు మీద పడవ బొమ్మను నడిపిందెవరు? నా ఫోనే. బయటి నుంచి సమాచారం రాకపోతే ఫోనులోని సొంత జీపీఎస్ వాడుకోవాలన్న ఆప్షను యాప్‌లో ఆన్ అయి ఉంది. వైఫై గుర్తు పోయి మొబైల్ డేటా గుర్తు వచ్చిందని ఫోను పైన చూపిస్తూనే ఉంది. నేను చూడలేదు. చప్పట్లు కొట్టించుకునేవాడు తెర పైమూల చూడడు. ఆ వేళ నేను పొగిడింది ఫోను కంపెనీ పనితనాన్ని.

అంతకంటే సిగ్గు కలిగించింది ఆ ఆఖరి వరుసలోని అక్షరం. 'ఏ' అని ఉంది. నమ్మవచ్చని. లిఫ్టు ఇనుప గదిలో ఉపగ్రహం ఎలా కనిపిస్తుంది? బాల్కనీ స్థానాన్ని లిఫ్టు స్థానంగా, కొత్త సమయం వేసి, నమ్మమని రాసింది. అలా రాయమన్నది నేనే.

ఇది నాకు తెలియని ప్రమాదమైతే తెలియదని సరిపెట్టుకోవచ్చు. తెలుసు. ఆఫీసులో ఏటా కొత్తవాళ్లకు నేనిచ్చే శిక్షణలో రాయల్ మెజెస్టీ అనే ఓడ కథ ఉంటుంది. 1995 జూన్ 9 మధ్యాహ్నం ఆ విహారనౌక బెర్ముడా నుంచి బోస్టన్‌కి బయల్దేరింది. బయల్దేరిన గంటలోపే జీపీఎస్ ఏంటెనా తీగ ఊడింది. ఉపగ్రహాలు అందక, జీపీఎస్ తన దగ్గరున్న దిశా వేగాలతో అంచనా లెక్క కట్టి, స్థానం పంపుతూనే ఉంది. అంచనా అన్న గుర్తు చిన్న అక్షరాల్లో తెర మీద పెట్టింది; పంపిన వరుసల్లోనూ, ఇది నమ్మదగ్గది కాదని చెప్పింది. ఆ వరుసలు అందుకున్న ఆటోపైలట్‌కి ఆ గుర్తు చదివే ఏర్పాటు లేదు. ఆ వరుసలు ఈ ఎన్‌ఎంఈఏ 0183 వరుసలే. తెర మీద ఓడ గీసిన గీత మీదే బుద్ధిగా పోతోంది. గాలీ కెరటాలూ నిజమైన ఓడను పక్కకు తోస్తున్నాయి. 34 గంటల తర్వాత, జూన్ 10 రాత్రి, దారికి 17 మైళ్లు పక్కన, నాంటకెట్ దీవి దగ్గరి ఇసుక మేట మీద అది ఎక్కి కూర్చుంది. ఓడలో 1509 మంది. ఎవరికీ ఏమీ కాకపోవడం వాళ్ల అదృష్టం. ఓడ నడిపే అధికారులు గంట గంటకీ స్థానాన్ని చార్టు మీద గుర్తు పెట్టారు. పరీక్షించలేదనడానికి లేదు. కాకపోతే జీపీఎస్ చెప్పినదాన్ని ఆ జీపీఎస్ తోనే సరిచూసుకున్నారు.

ఈ కథ నేను ఎంత బాగా చెబుతానంటే, చివరికి గదిలో ఫోను చూసుకునేవాడు కూడా తలెత్తుతాడు. ఆఖరి స్లైడులో ఎర్ర అక్షరాలతో నీతి కూడా ఉంటుంది. ఆ స్లైడు తయారుచేసిన ల్యాప్‌టాప్ లోనే, 'వీ'ని 'ఏ' చేసే ప్రోగ్రామూ రాశాను. రాయల్ మెజెస్టీ జీపీఎస్ కనీసం ఇది అంచనా అని చెప్పింది. వినేవాడికి చెవి లేదు, అంతే. నా పెట్టెకి నేను నాలుకే కోసేశాను.

మర్నాడు బావకి నిజం చెప్పాలి. ఫోను తీసి, "అమ్మకు బావా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి వస్తోంది" అన్నాను. పాతికేళ్లుగా ఈ ఐటీ కారిడార్‌లో ఏ తప్పయినా కప్పిపుచ్చే మాట అదే కదా. "ఎవరిస్తన్నారు?" అని అడిగారాయన. నేనే ఇస్తున్నానని చెప్పలేకపోయాను. ఆయన పాత సెట్టు అమ్మేసి, జూన్ 15 రాత్రి నా పెట్టెతో వేటకు పోయి ఉంటే, తిరుగు ప్రయాణంలో గౌతమి సముద్రంలో కలిసే వైపు ఇసుక మేటల దగ్గర తీగ ఊడి ఉంటే, తెర మీద బోటు ఆఖరి మంచి చోటే నిలబడి ఉండేది, తాజా సమయంతో. ఈ ఊహ వచ్చాక ఆ పూట అన్నం సహించలేదు. సాయంత్రం మళ్లీ ఫోను చేసి, లిఫ్టుతో సహా అంతా చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, ఆ తర్వాత మాత్రం నవ్వకుండా, "పాతది అమ్మనులే" అన్నారు.

తర్వాత చేసిన పని చిన్నది. అందంగా కనిపించడానికి రాసిన ప్రోగ్రాము ముక్కలన్నీ తీసేశాను. ఐదు సెకన్లు కొత్త స్థానం రాకపోతే తెర మీద గీతలే రావాలి, పెట్టెలోని బజరు మోగాలి. టీసీపీలో క్యూ పేరుకుంటే పాతవి పారేసి తాజా వరుస ఒక్కటే పంపాలి. పవర్ బ్యాంకు మానేసి బోటు బ్యాటరీ నుంచే కరెంటు. నల్లటేపు పీకేశాను.

పరీక్ష కూడా మార్చాను. వేట నిషేధంలో బోటు రేవులో కట్టేసి ఉండగా కాకినాడ వెళ్లాను. ముందు ఫోనులో లొకేషన్ ఆపేశాను. ఇక బొమ్మ కదిలిందంటే అది పెట్టె వల్లే. మొబైల్ డేటా కూడా ఆపాను, ఎందుకంటే ఇంటర్నెట్ లేని వైఫై దొరికితే ఫోను చెప్పాపెట్టకుండా డేటా వైపు దూకుతుంది. పాత సెట్టు స్థానాన్నీ, పెట్టె స్థానాన్నీ పక్కపక్కన పెట్టి చదివాం, డిగ్రీలూ నిమిషాలుగానే. వరుసలోని సమయానికి ఐదున్నర గంటలు కలిపి చేతి గడియారంతో పోల్చాం. తర్వాత పీకడం మొదలుపెట్టాను. ఏంటెనా తీగ పీకాను. గీతలు వచ్చాయి, బజరు మోగింది. కరెంటు తీగ పీకాను. యాప్ కనెక్షన్ పోయిందని చెప్పింది. పెట్టెకీ ఫోనుకీ మధ్య కలాసీలను నలుగురిని నిలబెట్టాను. మనిషి ఒంట్లో నీళ్లెక్కువ కాబట్టి ఈ వైఫై తరంగాలను బాగానే మింగుతాడు. సిగ్నలు సన్నబడి వరుసలు తప్పిపోయాయి. తప్పినంతసేపూ గీతలే తప్ప అబద్ధం రాలేదు. ఎకో సౌండరు తీగ పీకితే మాత్రం పాత లోతే నిలబడిపోయింది. ఆ ఒక్కటీ నేను మరిచాను. అక్కడే కూర్చుని సరిచేశాను. చెరువు మీద చప్పట్లు కొట్టిన రోజు కంటే ఈ తప్పు దొరికిన రోజే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

పెట్టె ఇప్పుడు బోటులో ఉంది, పాత సెట్టు పక్కన, రెండో స్థానంలో. అదే దానికి తగిన స్థానం.

నాకు అర్థమైంది ఇది. పరీక్ష అంటే ఫలితం రెండు విధాలుగా రావడానికి వీలుండాలి. పెట్టె బతికి ఉన్నా, చచ్చినా తెర మీద ఒకటే బొమ్మ కనిపిస్తే, నేను చేసింది పరీక్ష కాదు, ప్రదర్శన. తెలివి లేక నేను పొరపడలేదు. ఏం కనిపించాలో ముందే నిశ్చయించుకుని, అది కనిపించగానే చూడటం ఆపేశాను. వృత్తిలో ఇరవై ఏళ్ల అనుభవం నన్ను కాపాడలేదు. సొంత వస్తువు ముందు అనుభవం పనికిరాదు, తీగ పీకే చెయ్యి పనికొస్తుంది.

మీ ఇంట్లో ఇన్వర్టరుందా? సీసీ కెమెరా ఉందా? అపార్టుమెంటు గోడకి పొగ అలారం తగిలించి ఉందా? పచ్చలైటు వెలుగుతోంది కాబట్టి బాగానే ఉన్నాయనుకుంటున్నారా? ఈ ఆదివారం ఒకసారి మెయిన్ ఆపండి, తీగ పీకండి, అలారం దగ్గర అగరుబత్తి పొగ పెట్టండి. ఏమీ మారకపోతే, ఆ పచ్చలైటు మీకు ఇన్నాళ్లూ ఏమీ చెప్పలేదన్నమాట.